వేట తుపాకి మొరాయించినప్పుడు: పాత సెమీ-ఆటోమేటిక్ రైఫిళ్లు, గోదావరి తీరపు అడవి

1. పరిచయం

ఈ పాఠం చదివే వారిలో కొందరు రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాల్లో షిఫ్టు ముగించుకొని వచ్చి, రాత్రిపూట పుస్తకం తెరిచేవారై ఉంటారు. వారికి 'మిస్‌ఫైర్' అనే మాటను వివరించనక్కర లేదు. బొగ్గుబాయిలో రంధ్రాలు వేసి, మందు కూరి, మట్టి ముద్దలు దట్టించి, తీగలు కలిపి పేల్చినప్పుడు ఒక రంధ్రం పేలకుండా మిగిలిపోతుంది. అప్పుడు షాట్‌ఫైరర్ పరుగెత్తుకుంటూ దాని దగ్గరికి పోడు. నియమం ప్రకారం కొంతసేపు ఆగుతాడు. కూరిన మందును బయటికి లాగడు. దానికి తగినంత ఎడంగా, సమాంతరంగా ఇంకో రంధ్రం వేయించి ఆ పనిని పూర్తి చేస్తాడు. పేలని మందు పేలిన మందు కంటే ప్రమాదకరమన్న తెలివిడి ఆ నియమం వెనుక ఉంది.

తుపాకుల లోకంలోనూ ఇదే మాట, ఇదే భయం. అయితే అక్కడ ఆగడానికి అన్నిసార్లూ వ్యవధి దొరకదు. ఎదురుగా గాయపడిన పులి ఉంటుంది.

ఈ పాఠంలో మనం ఒక ప్రత్యేకమైన యంత్రం చరిత్రను పరిశీలిద్దాం. అది సెమీ-ఆటోమేటిక్ వేట రైఫిల్. దీనినే సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్ అని కూడా అంటారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు మాత్రమే పేలుతుంది, కాని తర్వాతి తూటా తనంతట తానే గొట్టంలోకి చేరుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలోనే ఇది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. అప్పటికి అందరికంటే ఆధునికమైన వేట తుపాకి ఇదే. అయినా గోదావరి అడవుల్లో షికారు చేసిన దొరలు దీనిని నమ్ముకోలేదు, రెండు గొట్టాల పాత తరహా రైఫిల్‌నూ, చేత్తో బోల్టు లాగే రైఫిల్‌నూ నమ్ముకున్నారు. ఎందుకు? దానికి 'వారు పాతకాలపు మనుషులు' అన్నది సమాధానం కాదు. ఒక యంత్రాన్ని నమ్మవచ్చునా లేదా అన్నది ఆ యంత్రంలో మాత్రమే ఉండదు. దాని తూటాలో, అది తిరిగే వాతావరణంలో, దానిని బాగుచేసే మిస్త్రీ దగ్గర, దానికి లైసెన్సు ఇచ్చే చట్టంలో కూడా ఉంటుంది. సాంకేతిక చరిత్ర చదివే విద్యార్థి ఈ నాలుగింటినీ కలిపి చూడాలి.

2. బొగ్గుకు ముందు, బొగ్గు పక్కన ఉన్న అడవి

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం 1920ల చివరికి పూర్తయింది. రామగుండం వైపు గనులు మాత్రం 1960 ప్రాంతంలోనే మొదలయ్యాయి. అంటే ఈనాడు గోదావరిఖని బస్తీలు, పవర్‌హౌస్ పొగగొట్టాలు కనిపించే చోటు రెండు మూడు తరాల క్రితం వరకూ అడవి అంచు. నదికి ఆవలి ఒడ్డున చెన్నూరు, ఈవలి ఒడ్డున మంథని, మహదేవపూర్ అడవులు. అక్కడ పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణుజు తిరిగేవి. ఈ అడవిలో మిగిలిన దానిని కాపాడేందుకే తర్వాతి కాలంలో శివారం, ప్రాణహిత, కవ్వాల అభయారణ్యాలు ఏర్పడ్డాయి.

నిజాం రాజ్యంలో షికారు కేవలం వినోదం కాదు, అది హోదాకు గుర్తు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు గురి తప్పని షికారీ అన్న పేరుండేది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులివేట ఏర్పాటు చేశారు. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటో ఆ వేటకు సాక్ష్యం. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యంలో పనిచేసిన ఆర్. జి. బర్టన్ దక్కన్ వేట గురించి 1928లో ఒక పుస్తకమే ప్రచురించాడు.

ఇలాంటి ఫోటోల్లో, పుస్తకాల్లో ముందు వరుసలో ఉండేది దొర, తుపాకి, చచ్చిన పులి. హాకా వేసిన మనుషులు అంచుల్లో ఉంటారు, లేదా అసలు ఉండరు. హాకా అంటే డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ జంతువును మంచె వైపు తోలడం. ఊళ్లోని వెట్టి చేసే కులాల వారిని, గోండు, నాయక్‌పోడు గూడేల వారిని ఈ పనికి పిలిచేవారు. 'పిలిచేవారు' అన్నది మర్యాదకు వాడిన మాట. చాలా చోట్ల అది కూలి లేని పని, కాదనలేని పని. వారి చేతుల్లో కర్రలు, గొడ్డళ్లు ఉండేవి. దొర మంచె మీద ఉండేవాడు.

ఇక్కడే మన పాఠంలోని అసలు ప్రశ్న మొదలవుతుంది. మొదటి గుండు పులిని చంపకుండా గాయపరిచి, రెండో గుండు పేలకపోతే ఆ పులి ఎటు వెళుతుంది? మంచె మీదికి రావడం అరుదు. అది వెనక్కి, అంటే హాకా వరుస మీదికి తిరుగుతుంది. తుపాకి మొరాయిస్తే ఆ మూల్యాన్ని తుపాకి పట్టినవాడు కాకుండా ఇంకొకడు చెల్లించే ఏర్పాటు ఇది. వేట తుపాకి నమ్మకం గురించి చదవడం ఒక సరదా విషయం కాదని ఇందుకే అంటున్నాను.

3. తూటాయే పనివాడు

రెండు గొట్టాల రైఫిల్‌ను పరిశీలించండి. అందులో రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, రెండు సుత్తులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. నిజానికి అది ఒకే కొయ్యకు బిగించిన రెండు తుపాకులు. ఒకదాని తూటా పేలకపోయినా రెండోదానికి దానితో సంబంధం లేదు. వేలు ఒక ట్రిగ్గర్ నుంచి రెండోదానికి జరిగితే చాలు. దానికి ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, రెండు గుండ్ల తర్వాత మళ్లీ నింపాలి. అయినా దట్టమైన పొదల్లో ఇంతకంటే భరోసా ఇచ్చిన ఏర్పాటు అప్పటికి లేదు.

బోల్టు రైఫిల్‌లో పని చేసేది మనిషి చెయ్యి. పిడిని పైకి ఎత్తితే తాళం విడుతుంది. వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి పోతుంది. పిడిని కిందికి దించితే తాళం పడుతుంది. ఖాళీ తూటా కొద్దిగా అతుక్కుంటే చెయ్యి ఇంకొంచెం బలంగా లాగుతుంది. ఎక్కడ ఇరుక్కుందో చేతికి తెలుస్తుంది కూడా.

సెమీ-ఆటోమేటిక్ రైఫిల్‌లో ఈ పనులన్నీ తూటాకు అప్పగించారు. పేలుడులో పుట్టిన శక్తిలో ఎక్కువ భాగం గుండును ముందుకు తోస్తుంది. మిగిలిన కొద్ది భాగాన్ని వాడుకొని యంత్రం తాళం తీయాలి, ఖాళీ తూటాను లాగి విసిరేయాలి, సుత్తిని వంచాలి, స్ప్రింగును అదమాలి. ఆ స్ప్రింగు తిరిగి సాగుతూ కొత్త తూటాను లోపలికి తొయ్యాలి. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో జరగాలి. తూటాలో శక్తి కాస్త తగ్గితే బోల్టు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. శక్తి ఎక్కువైతే బోల్టు వెనక గోడను బాది, భాగాలను నలగ్గొడుతుంది. తుప్పు, మసి, చిక్కబడ్డ నూనె, నీరసించిన స్ప్రింగు, వంగిన మ్యాగజైన్ అంచు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది. చేతికి ఉన్న 'ఇంకొంచెం బలం' తూటాకు లేదు.

పాత సెమీ-ఆటోమేటిక్‌లలో వచ్చే తిప్పలన్నిటికీ మూలం ఇదే. అది చెడ్డ యంత్రమని దీని అర్థం కాదు. పని చేసే మనిషిని తీసేసి ఆ పనిని ఇంధనానికి ఇచ్చిన ప్రతి యంత్రం ఇంధనం నాణ్యతకు బానిస అవుతుంది. గనిలో తట్టలతో మోసిన రోజులకూ, యంత్రంతో కోసే రోజులకూ తేడా తెలిసినవారికి ఈ మాట సులువుగా అర్థమవుతుంది. కరెంటు పోతే తట్ట ఆగదు, యంత్రం ఆగుతుంది.

4. పేటెంటు చేసిన తుపాకి

అమెరికాలో జాన్ బ్రౌనింగ్ అనే ప్రతిభావంతుడైన తుపాకుల రూపకర్త చాలా ఏళ్లు వించెస్టర్ కంపెనీకి తన నమూనాలు అమ్మాడు. సెల్ఫ్‌లోడింగ్ షాట్‌గన్ దగ్గర రాయల్టీ విషయంలో ఇద్దరికీ చెడింది. బ్రౌనింగ్ తన నమూనాను బెల్జియంలోని ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీకి తీసుకుపోయాడు. రైఫిల్ నమూనాను రెమింగ్టన్‌కు ఇచ్చాడు. అదే 1906లో వచ్చిన రెమింగ్టన్ మోడల్ 8. ఇందులో పేలుడు దెబ్బకు గొట్టమే బయటి తొడుగులో వెనక్కి జారుతుంది.

పేటెంట్లు చేజారిన వించెస్టర్ వేరే దారి వెతుక్కుంది. టి. సి. జాన్సన్ రూపొందించిన 1905, 1907, 1910 మోడళ్లలో బోల్టుకు తాళమే లేదు. బరువైన ఇనుప దిమ్మ, గట్టి స్ప్రింగు కలిసి పేలుడు ఒత్తిడిని కొన్ని క్షణాంశాలు ఆపుతాయి. ఆ బరువును ముందు భాగంలోని కొయ్య లోపల దాచారు. కాలం గడిచేకొద్దీ ఆ పలుచటి కొయ్య పగులుతుంది. దిమ్మ దెబ్బను మెత్తగా తీసుకొనే లోపలి మెత్త పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు ఇనుము ఇనుమునే కొడుతుంది. పైగా ఒక్కో మోడల్‌కు దానికే ప్రత్యేకమైన రకం తూటా కావాలి. ఆ తూటా తయారీ ఆగిన రోజున తుపాకి బాగానే ఉన్నా అది ఇనుప కర్రే.

1911లో అదే కంపెనీ తెచ్చిన సెల్ఫ్‌లోడింగ్ షాట్‌గన్ కథ ఇంకా విచిత్రమైనది. బోల్టుకు లాగే పిడి పెట్టడం బ్రౌనింగ్ పేటెంటు కిందికి వస్తుంది. అందుకని పిడి లేకుండా చేశారు. నింపాలంటే గొట్టాన్నే పట్టుకొని వెనక్కి తొయ్యాలి. పట్టు కోసం గొట్టం మీద గరుకు గీతలు కూడా చెక్కారు. ఆ రోజుల్లో షాట్‌గన్ తూటాలకు కాగితపు తొడుగు ఉండేది. తడి తగిలితే ఉబ్బి లోపల ఇరుక్కునేది. ఇరుక్కున్న తూటాను విడిపించడానికి కొందరు మడమను నేలకు ఆనించి, గొట్టాన్ని రెండు చేతులతో కిందికి అదిమేవారు. గొట్టం మూతి వారి ముఖం వైపు ఉండేది. దానికి జనం పెట్టిన పేరు 'విధవలను చేసేది'. ఇక్కడ లోపం ఉక్కులోనిది కాదు. న్యాయవాదుల కాగితాల్లో పుట్టిన లోపం అది. వేటగాడి ముఖం ముందు బయటపడింది.

5. వయసు మీద పడ్డాక

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సెమీ-ఆటోమేటిక్ వేట రైఫిల్ మధ్యతరగతి వస్తువైంది. రెమింగ్టన్ 742 మోడల్ 1960 నుంచి 1980 వరకు తయారైంది. పది లక్షలకు మించి అమ్ముడుపోయింది. గొట్టంలోంచి కొద్దిగా గ్యాసును మళ్లించి, దాని ఒత్తిడితో బోల్టును తిప్పి వెనక్కి నెట్టడం దీని పద్ధతి. బోల్టు తల మీద చిన్న చిన్న పళ్లు చాలా ఉంటాయి. బోల్టు ముందుకు వెనక్కి జారేటప్పుడు ఈ పళ్లు లోపలి పట్టాలను కొద్దికొద్దిగా కొరుకుతాయి. కొన్నేళ్లకు ఆ పట్టాల మీద గాట్లు పడతాయి. గాట్లలో బోల్టు తడబడి ఆగుతుంది. మిగతా భాగాలైతే మార్చవచ్చు. పట్టాలు మాత్రం తుపాకి శరీరంలో భాగం. శరీరాన్ని మారిస్తే అది వేరే తుపాకి అవుతుంది.

ఇంకో లోపం శుభ్రతకు సంబంధించినది. బోల్టు రైఫిల్‌లో బోల్టును ఊడదీసి వెనకనుంచి గొట్టాన్ని తుడవవచ్చు. ఈ మోడల్‌లో వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి ఎక్కువమంది మూతి వైపునుంచి కడ్డీ దూర్చి తుడిచేవారు. మురికి అంతా లోపలికి, తూటా కూర్చునే గూడులోకి చేరేది. ఆ గూడు తుప్పుపట్టి గరుకు తేలితే పేలిన ఇత్తడి తూటా దానికి అతుక్కుంటుంది. లాగే కొక్కెం తూటా అంచును చీల్చి ఊరుకుంటుంది. వేటగాడు కంపెనీని తిట్టేవాడు. కంపెనీ తూటాను తప్పుపట్టేది. తుపాకిని తుడవని చేతిని ఎవరూ అనలేదు.

వించెస్టర్ 100 మోడల్‌లో ఫైరింగ్ పిన్ విరిగే ప్రమాదం బయటపడింది. తయారీ ఆగిన చాలా ఏళ్లకు, 1990లో, ఆ పిన్నులు మార్చడానికి తుపాకులను వెనక్కి రప్పించారు. ఒక యంత్రం లోపం దాని ఉత్పత్తి కాలంలోనే కనిపించాలని లేదని ఈ ఉదాహరణ చెబుతుంది.

సైనిక చరిత్రలో ఇలాంటి సందర్భమే ఒకటి ఉంది, అది చాలా ఎక్కువ ప్రాణాలతో ముడిపడినది. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికుల ఎం-16 రైఫిళ్లు ఇరుక్కుపోయాయి. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీన్ని విచారించింది. తూటాలోని మందు రకాన్ని మార్చారు, గూడుకు క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసే సరంజామా సరిపడా ఇవ్వలేదు, ఈ తుపాకికి శుభ్రత పెద్దగా అక్కరలేదన్న ప్రచారం సాగింది. రైఫిల్, తూటా, శిక్షణ, సరఫరా అన్నీ ఒకే గొలుసు. ఒక లంకె తెగింది.

6. ఎండ, వాన, ఉప్పు

ఇప్పుడు ఆ యంత్రాన్ని గోదావరి ఒడ్డుకు తెచ్చి చూద్దాం. రామగుండం ఎండ గురించి ఈ ప్రాంతపు విద్యార్థికి నేను చెప్పనక్కర లేదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. బ్రిటిష్ వేట తూటాల్లో వాడిన కార్డైట్ అనే మందు వేడికి లొంగేది. వేడెక్కిన తూటాలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే భారతదేశానికి, ఆఫ్రికాకు పంపే తూటాల్లో మందు కొద్దిగా తగ్గించి 'ఉష్ణమండలపు' తూటాలుగా అమ్మేవారు. చేత్తో నడిపే రైఫిల్‌కు ఈ మార్పుతో పెద్ద తేడా రాదు. తూటా శక్తి మీద బతికే రైఫిల్‌కు మాత్రం ఇంగ్లండ్ చలికీ, మన ఎండకూ మధ్య లెక్క మారిపోతుంది.

వానాకాలంలో సమస్య వేరు. కాగితపు తూటాలు ఉబ్బుతాయి. మన ప్రాంతాల్లో షాట్‌గన్‌కు ఇత్తడి తూటాలు వాడటానికి ఇది ఒక కారణం. అంతకంటే మోసకారి శత్రువు ఉప్పు. పాత తూటాల అడుగున ఉండే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఒకటి రెండు రోజుల్లోనే ఇనుమును తినడం మొదలుపెడుతుంది. నూనె రాస్తే ఉప్పు పోదు, దాని కిందే దాక్కుంటుంది. వేడినీళ్లు పోసి కడిగితేనే పోతుంది. అనుభవం ఉన్న షికారీ వేట నుంచి రాగానే కాగిన నీళ్లు అడగడం ఇందుకే. రెండు గొట్టాల రైఫిల్‌ను మడిచి గొట్టాల్లో నీళ్లు పోయడం నౌకరు చేయగల పని. గ్యాసు సిలిండరు, పిస్టన్, స్ప్రింగులు ఉన్న రైఫిల్‌లో ఉప్పు ఆ సందులన్నిటిలోకీ వెళుతుంది. వాటిని విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించడం అడవి బంగళాలో లాంతరు వెలుగులో జరిగే పని కాదు.

7. చట్టం, ఫ్యాక్టరీ, మిస్త్రీ

ఒక తుపాకి నమ్మకాన్ని చట్టం ఎలా నిర్ణయిస్తుందో మన దేశంలో బాగా కనిపిస్తుంది. బ్రిటిష్ ప్రభుత్వం సైనిక తూటా జనం చేతిలో పడకూడదని భావించింది. అందుకని సైనిక కొలతలకు సరిపోయే వేట తుపాకుల మీద ఆంక్షలు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో .450 కొలత తూటాల దిగుమతిని ఆపినప్పుడు ఇంగ్లండ్‌లోని తుపాకుల తయారీదారులు హడావుడిగా .470, .465 వంటి కొత్త కొలతలు సృష్టించారు. కొలతలు పెరిగేకొద్దీ దుకాణంలో సరైన తూటా దొరికే అవకాశం తగ్గుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత 1959 ఆయుధాల చట్టం, దాని కింద 1962లో వచ్చిన నియమావళి అదే ఆలోచనను కొనసాగించాయి. సెమీ-ఆటోమేటిక్ తుపాకులను ప్రత్యేక వర్గంలో పెట్టి, వాటి లైసెన్సును కఠినం చేశారు. .303 సైనిక తూటా పేల్చగల రైఫిళ్లను కూడా సాధారణ పౌరులకు దూరంగా ఉంచారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .315 కొలతలో బోల్టు రైఫిల్ చేయడానికి కారణం ఇదే. మన సైన్యం కూడా 1962 చైనా యుద్ధం నాటికి ప్రధానంగా .303 బోల్టు రైఫిల్‌తోనే ఉంది. సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్ ఆ తర్వాతే విస్తృతంగా అందింది.

ఇంగ్లండ్‌లోని కైనాక్ సంస్థ పెద్ద వేట తూటాల తయారీని 1970 నాటికి దాదాపు మానుకుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారు చట్టబద్ధమైన సరదాగా ముగిసింది. అది ముగియవలసిందే. అయితే తుపాకులు మాత్రం ఇళ్లలో మిగిలాయి. లైసెన్సు తండ్రి నుంచి కొడుక్కి మారుతూ వచ్చింది. కొత్త విదేశీ తుపాకులు రావడం ఆగిపోయాక పాతదాని విలువ పెరిగింది. విడిభాగం కావాలంటే మిస్త్రీ ఆకురాయితో స్ప్రింగును, కొక్కాన్ని చేత్తో తయారుచేయాలి. బోల్టు రైఫిల్ కొక్కెం అలా చేసినా నడుస్తుంది. సెమీ-ఆటోమేటిక్ స్ప్రింగు బలం కొద్ది పాళ్లు తేడా వచ్చినా నడవదు. మిస్త్రీ నైపుణ్యాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఫ్యాక్టరీ కొలతను ఊహించి ఇనుము అరగదీయగలిగిన ఆ చేతులు గొప్పవే. యంత్రం కోరేది మాత్రం చేతి నేర్పును కాదు, కొలతను.

8. భర్మార్ అనే ఎదురు ఉదాహరణ

ఇదే అడవిలో ఇంకో తుపాకి ఉండేది. మూతినుంచి మందు, గుళ్లు కూరే నాటు తుపాకి. తెలంగాణలో దాన్ని భర్మార్ అనేవారు. ఒకసారి పేల్చాక మళ్లీ కూరడానికి చాలాసేపు పడుతుంది. వానలో మందు తడిస్తే పనికిరాదు. గురి దగ్గరి దూరానికే. ఏ కొలతతో చూసినా ఇది సెమీ-ఆటోమేటిక్ కంటే హీనమైన యంత్రం.

అయినా ఊరి కమ్మరి దాన్ని బాగుచేయగలడు. దానికి కావలసినవి కలకత్తా ఓడలో రానక్కర లేదు. అందుకే పోరాటాల చరిత్రలో అది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపిన తర్వాత సాయుధ పోరాటం విస్తరించింది. గడీల్లోని తుపాకులు అడవి జంతువుల కోసమే ఉన్నాయని ఆ రోజు తర్వాత ఎవరూ అనుకోలేదు. దళాలు దొరల ఇళ్లనుంచి స్వాధీనం చేసుకున్న తుపాకులతో, భర్మార్లతో, కొద్ది సంఖ్యలో .303 రైఫిళ్లతో పోరాడాయి. స్వాధీనమైన ఖరీదైన రైఫిల్ ఎన్ని రోజులు పనికి వస్తుందన్నది దానితోపాటు దొరికిన తూటాల సంఖ్య మీద ఆధారపడింది. తూటా అయిపోతే గడీ రైఫిల్ కంటే గూడెం భర్మార్ మేలు. పరికరం నాణ్యతకూ, దాని నమ్మకానికీ మధ్య తేడాను ఇంతకంటే స్పష్టంగా చూపే సందర్భం మన ప్రాంత చరిత్రలో నాకు కనిపించలేదు.

9. ఆధారాలను ఎలా చదవాలి

షికారీల స్వీయకథలు ఈ అంశానికి ముఖ్యమైన ఆధారాలు. వాటిని జాగ్రత్తగా చదవాలి. జిమ్ కార్బెట్ కుమావూన్ ప్రాంతంలో 1907లో చంపిన చంపావత్ ఆడపులి ఉదంతాన్ని తీసుకోండి. అది 436 మందిని చంపిందని లెక్క. చచ్చాక చూస్తే దాని కుడివైపు కోరపళ్లు, పైదీ కిందిదీ, విరిగి ఉన్నాయి. అది పాత తుపాకి గాయమని కార్బెట్ తేల్చాడు. ఎవరో పేల్చి, చంపలేక వదిలేసిన ఒక గుండు వల్ల అది సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుషుల మీద పడిందని ఆయన అభిప్రాయం. ఆ గుండు పేల్చినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తుపాకి వైఫల్యానికి బలైనవారు ఆ 436 మంది అనుకోవచ్చు.

అదే వేటలో కార్బెట్ చేతిలోని మూడు తూటాలూ అయిపోయాయి. పక్కనున్న తహసీల్దారు తుపాకిని లాక్కొని పరుగెత్తాడు. దాని గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య అంగుళంలో మూడోవంతుకు పైగా సందు ఉంది. పేలిస్తే తన కళ్లే పోవచ్చునని తెలిసీ పేల్చాడు. పులి నోటికి గురిపెడితే గుండు దాని పంజాకు తగిలింది. అంతకుముందు తగిలిన గాయాలతో అది చచ్చింది. ఈ కథను ధైర్యసాహసాల కథగా చదవవచ్చు, నిజానికి ధైర్యసాహసాలు అందులో ఉన్నాయి. చరిత్ర విద్యార్థి ఇంకొన్ని సంగతులు కూడా గమనించాలి. ఆ రోజు హాకాకు దాదాపు మూడు వందల మంది వచ్చారు. లైసెన్సు లేని తుపాకులు తెచ్చుకున్నా చూసీచూడనట్టు ఉంటానని, అవసరమైతే మందుగుండు కూడా ఇస్తానని తహసీల్దారు ముందే కబురు పెట్టాడు. బయటికి వచ్చిన ఆయుధాలు ఒక మ్యూజియాన్ని నింపగలిగేవని కార్బెట్ రాశాడు. కచేరీలోని లైసెన్సుల రిజిస్టరు చూస్తే ఆ తుపాకుల్లో ఒక్కటి కూడా కనిపించదు. అధికారిక దస్త్రం చట్టం ప్రకారం ఉన్న తుపాకులను లెక్కిస్తుంది. స్వీయకథ పేలిన తుపాకులను లెక్కిస్తుంది. పేలని తుపాకులను లెక్కించేది ఎవరు?

మౌఖిక చరిత్ర అవసరం ఇక్కడ వస్తుంది. హాకా వేసిన తరం దాదాపు వెళ్లిపోయింది, వారి పిల్లలు, మనవలు ఉన్నారు. మహదేవపూర్, చెన్నూరు వైపు గూడేల్లో 'దొర తుపాకి పేలని రోజు' గురించి అడిగితే ఏదో ఒక జ్ఞాపకం బయటికి వస్తుంది. దాన్ని యథాతథంగా నిజమని రాసుకోకండి. ఏ కాలం, ఏ రకం తుపాకి, ఎన్ని గొట్టాలు, గాయపడింది ఎవరు, తర్వాత ఆ కుటుంబానికి ఏమిచ్చారు అన్నవి అడగండి. 'రెండుసార్లు టక్కుమంది కాని పేలలేదు' అని చెబితే అది రెండు గొట్టాల తుపాకి కావచ్చు. 'మధ్యలో ఇరుక్కుంది, దొర దాన్ని గుంజుతున్నాడు' అంటే వేరే యంత్రం. చెప్పేవారికి తుపాకి పేరు తెలియకపోవచ్చు, అది చేసిన చప్పుడు గుర్తుంటుంది.

అభ్యాసం: మీ బస్తీలోనో, బంధువుల్లోనో రిటైరైన షాట్‌ఫైరర్ లేదా మైనింగ్ సర్దార్ ఉంటే ఒక గంట కూర్చోండి. తాను చూసిన ఒక మిస్‌ఫైర్ గురించి చెప్పమనండి. మందు తడిసిందా, తీగ తెగిందా, డిటొనేటర్ చెడిందా, మట్టి దట్టించడంలో తప్పా? ఎవరిని తప్పుపట్టారు, రిజిస్టరులో ఏమని రాశారు, ఆయన ఇప్పుడు ఏమంటున్నారు? ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో రెండు పేజీలకు మించకుండా రాసి, తర్వాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి. చెప్పినవారు ఒప్పుకుంటేనే పేరు రాయండి.